పై పోర్షన్ ఉత్తరాల పెట్టె

పోయిన మంగళవారం ఒక ధ్రువపత్రం కోసం ఒక ఆఫీసుకు వెళ్లాను. పదకొండూ పదికి నా వంతు వచ్చింది. కౌంటర్ వెనుక అమ్మాయి తెర వైపు చూసి, "సర్వర్ టైమౌట్ అంటాంది అవ్వా, రేపు రాండి" అంది.

"టైమౌటా, వద్దంటాందా? సరిగ్గా చదివి చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి నన్నూ నా చేతికర్రనూ చూసి మళ్లీ తెర చూసింది. "టైమౌటే అవ్వా."

"అయితే అవతల ఎవరూ పలకలేదు. ఇల్లు మారినారేమో కనుక్కో" అని చెప్పి వచ్చేశాను.

ఆటోలో కూర్చున్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. మా పై పోర్షన్‌లో తొమ్మిదేళ్ల నాలుగు నెలలు అద్దెకున్న మనిషిది. ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకు గిట్టేది కాదు. ఒకసారి చర్చి కరపత్రంలో ఆయన పేరు వేస్తే, తనకు పంచమని ఇచ్చిన అరవై కాపీల్లోనూ ఆ ఒక్క పేరూ పెన్నుతో కొట్టేసి పంచాడు. మిగతా నూట నలభై నేను పంచాను, కొట్టేయలేదు. ఆ విషయం మీద నాలుగు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నేను కర్నూలులో ఒక మిషన్ బడిలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పాను. ఆయన టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. నాకంటే మూడేళ్లు చిన్న. ఇద్దరమూ ఒకే చర్చి. ఇల్లు అడగడానికి వచ్చిన రోజున గదులెన్ని, నీళ్లెట్లా అని అడగలేదు. జేబులోంచి టెస్టర్ తీసి ప్రతి గదిలో ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూశాడు. ఒక ప్లగ్గులో ఎర్త్ లేదని కనిపెట్టి, దాన్ని బాగుచేసిన తర్వాత అద్దె మాట మొదలుపెట్టాడు.

ఆ టెస్టర్ ఆయన చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఉండేది. సంతకం పెట్టమంటే మొదట అదే చేతికి వచ్చేది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా పెన్ను మొదట వచ్చినట్లు నాకు గుర్తు లేదు. నేను కొత్తగా కొన్న ఇస్త్రీపెట్టెకు పెట్టాడు, చర్చి మైకు స్టాండుకు పెట్టాడు. ఒక వానాకాలం ఉదయం మా వంటింట్లో స్టీలు బిందెకు కూడా పెట్టి, "ఇది మంచిదే" అని చెప్పి వెళ్లాడు.

ఇంకొక అలవాటు ఉండేది. ఎవరు పిలిచినా వెంటనే పలికేవాడు. పిలిచింది తననా కాదా అని చూసేవాడు కాదు. వీధిలో కూరలమ్మే ఆమె వంకాయలని కేక వేస్తే పైనుంచి "ఆఁ, పలుకుతాండా" అనేవాడు. తర్వాత నిదానంగా మిద్దె అంచుకు వచ్చి, వంకాయలు వద్దని చెప్పి, లోపలికి పోయేవాడు. ఊరికే ఉండిపోవచ్చు గదా అని అడిగాను. "వద్దు అనేది కూడా జవాబే గదా టీచరమ్మా. ఆమె మన ఇల్లు దాటి పోవాల గదా" అన్నాడు. చర్చిలో ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగం మధ్య, ఆకాశంలోని నక్షత్రాలను ఎవరు లెక్కపెట్టగలరని గట్టిగా అడిగారు. మూడో బెంచీ నుంచి ఈయన, "ఎవరివల్లా కాదయ్యా" అన్నాడు. పాస్టరు గారు ఆ పేజీ మళ్లీ దొరకబుచ్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

ఇక ఉత్తరాల పెట్టె సంగతి.

మా చర్చిలో పాత రిజిస్టర్లు ఉన్నాయి. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు, అన్నీ అందులో ఉంటాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, అటు ఆత్మకూరు దాకా, కూలి పనులు చేసుకునే కుటుంబాల వాళ్లు ఇక్కడ బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. వాళ్ల పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు. ఏ కాగితానికో బాప్తిస్మపు నకలు కావాలని, అమ్మానాన్నల పెళ్లి నకలు కావాలని మెయిలు రాస్తారు. రిజిస్టరులో వెతికి నకలు రాసేది నేను. దాన్ని ఫొటో తీసి పంపేది ఆయన.

మొదట్లో చర్చికి అందరిలాగే ఒక ఉచిత మెయిలు ఉండేది. అప్పటి పాస్టరు గారు తెరిచారు. ఆయనకు బదిలీ అయింది. బీరువా తాళాలు, గంటకు కట్టే తాడు, వంట పాత్రలు అన్నీ లెక్క ప్రకారం అప్పగించి వెళ్లారు. జాబితా నేనే రాశాను, నలభై మూడు వస్తువులు. మెయిలు పాస్‌వర్డు ఆ జాబితాలో లేదు. అది ఒక వస్తువని మాలో ఎవరికీ తోచలేదు. పాస్టరు గారు కూడా దాన్ని మరచిపోయారు. రెండు నెలల ఉత్తరాలు ఎవరూ తెరవలేని చోట ఉండిపోయాయి.

అప్పుడు ఈయన కమిటీలో లేచి, చర్చి ఉత్తరాలు చర్చి మనుషుల ఇంట్లోనే ఉండాలని, తాను పెడతానని అన్నాడు. ఒక పాత కంప్యూటర్ తెచ్చి, చర్చి పేరున ఇంటర్నెట్లో ఒక పేరు తీసుకుని, మా పై పోర్షన్ ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. దాన్ని సర్వర్ అనాలని నాకు చెప్పినా, తాను మాత్రం పెట్టె అనేవాడు. ప్రపంచంలో ఎక్కడి నుంచి చర్చికి మెయిలు రాసినా మా ఇంటికే వచ్చేది. వచ్చిన ప్రతి ఉత్తరానికీ, నకలు దొరికినా దొరక్కపోయినా, ఆ రోజే రెండు వరుసల జవాబు పోయేది. ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం ముగిశాక ఆయన చేతిలో మిగిలిన లైను అదొక్కటే. ఆ మాట ఆయన అనలేదు. కానీ వేసవి వచ్చేసరికి కూలర్‌ను ఆ పెట్టె వైపు తిప్పి, తాను చెమటతో మిద్దె మెట్ల మీద కూర్చునేవాడు.

నాలుగేళ్లు బాగా నడిచింది. ఐదో వేసవిలో తకరారు మొదలైంది.

కొన్ని రోజులు ఒక్క ఉత్తరమూ రాదు. మరుసటి రోజు తెల్లారేసరికి అన్నీ కుప్పగా వస్తాయి. కొన్ని అసలే రావు, రాసినవాళ్లకే తిరిగి పోతాయి, కనెక్షన్ టైమౌట్ అని ఒక చీటీతో. ఆ చీటీ అర్థమేమిటని అడిగితే ఆయన లేచి బయటికి పోయి, నా తలుపు మూసి, దాని మీద తట్టాడు.

"ఎవరది?" అన్నాను.

"ఇది కలిసినట్లు. ఇప్పుడు నన్ను పొమ్మనండి."

"పోప్పా" అన్నాను.

"ఇది వద్దన్నట్లు. ఇంట్లో మనిషుండాడు, లోపలికి రానీలేదు. తప్పు యాడుందో తెలిసిపోతాది. ఇప్పుడు తడతా, పలకొద్దండి."

తట్టాడు. నేను పలకలేదు. మళ్లీ తట్టాడు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఒక నిమిషం నలభై సెకన్ల తర్వాత తలుపు తోసుకుని వచ్చాడు. ముఖం నిజంగానే చిన్నబోయి ఉంది. "ఇదీ టైమౌట్. ఉండారో, నిద్రపోయినారో, ఇల్లే మారినారో ఏమీ తెలీదు. తట్టినోడు ఎంతసేపని నిలబడతాడు?"

ఇల్లు మారడమనే సంగతిలో కొంత నిజం ఉందని ఆయనకు అప్పటికే తెలుసు. చర్చి పేరు పక్కన ఒక నంబరు రాసి ఉంటుంది. బయటి ఉత్తరాలు ఆ నంబరు చూసుకుని వస్తాయి. ఆ నంబరు ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చేది, అప్పుడప్పుడు మారుతుంది. మారినప్పుడు పేరు పక్కన కొత్తది రాసే పని పెట్టెకే అప్పగించాడు. అది రోజుకు ఒక్కసారి, రాత్రి పన్నెండింటికి రాస్తుంది. ఈ వేసవిలో నంబరు పగలే మారిపోతోంది. ఉత్తరాలన్నీ పాత ఇంటి తలుపు తట్టి తిరిగిపోతున్నాయి.

ఎందుకు మారుతోందన్నదే ప్రశ్న. రౌటర్ ఆగి మళ్లీ లేస్తే తప్ప మారదని కంపెనీ వాళ్లు చెప్పారు. రౌటర్ ఆగలేదని ఈయన. ఎట్లా తెలుసని వాళ్లు. నూట ముప్పై రోజులుగా కంప్యూటర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు, అదే చూపిస్తోంది, కరెంటు పోలేదు, ఇక రౌటర్ ఎట్లా ఆగుతుందని ఈయన. ఫోనులో ఈ వాదన నేను కింద నుంచి ఆరుసార్లు విన్నాను. అప్పటి మా పాస్టరు గారు చిన్న వయసు వారు, కంప్యూటర్లు తెలిసినవారు. రోజుకు ఒకసారి కాకుండా ఐదు నిమిషాలకొకసారి నంబరు రాసేటట్లు పెట్టుకుంటే సరిపోతుంది కదా అన్నారు. ఈయన ఒప్పుకోలేదు. అది గుంత మీద తడిక కప్పడమని, ముందు గుంత ఎవరు తవ్వుతున్నారో తెలియాలని అన్నాడు. తప్పు దొరక్కుండా లైను కట్టడం ఎక్స్‌ఛేంజిలో నేర్పలేదట.

తప్పు దొరకబుచ్చుకోవడానికి వేంపల్లెలో ఉన్న పాత ఎక్స్‌ఛేంజి స్నేహితుణ్ణి పనిలో పెట్టాడు. ఆయన రోజూ ఉదయం ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగింటికి ఒక పరీక్ష మెయిలు పంపాలి. కొన్ని నేనూ చూశాను. ఒకదాంట్లో "పరీక్ష ఆరు. ఈడ ఎండ శానా ఉండాది" అని ఉంది. ఇంకొకదాంట్లో, "పరీక్ష పదకొండు. కోడలు సంకటి చేసింది. గట్టిపడింది. నువ్వు అడిగినావని చెప్పినా" అని. ఈయన అన్నిటికీ జవాబు రాశాడు. మెయిలు రాని రోజున మెట్ల గోడకు తగిలించిన క్యాలెండర్లో ఎర్ర పెన్సిలుతో ఇంటూ పెట్టేవాడు.

ఈలోగా ఆత్మకూరు వైపు నుంచి ఒక నర్సు ఎండలో బస్సెక్కి వచ్చింది. తల్లిదండ్రుల పెళ్లి నకలు కావాలి. మూడు మెయిళ్లు రాసిందట, మూడూ తిరిగి వచ్చాయట. నేను రిజిస్టరు తీసి ఇరవై నిమిషాల్లో నకలు రాసిచ్చాను. ఆమె కోపం చేయలేదు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెడుతూ, "ఎవరూ పలకలేదు సార్, అందుకే వచ్చినా" అంది, అంతే. ఆయన ఆమె వెంట బస్టాండు దాకా నడిచి వెళ్లాడు. తిరిగి వచ్చాక రోజంతా మిద్దె దిగలేదు. సాయంత్రం కూరలామె రెండుసార్లు కేక వేసింది. పైనుంచి జవాబు లేదు. నాకు కొంచెం భయం వేసి పైకి వెళ్లి చూశాను. పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు, టెస్టర్ చేతిలో పట్టుకుని.

ఆ వచ్చిన ఆదివారం కమిటీలో ఈ విషయం లేచింది. మా సెక్రటరీ గారు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డవారు కాదు, ఆలస్యం అంటే పడదు. ఎన్ని రోజులు ఉత్తరాలు రాలేదని ఆయన అడిగారు. అది అడగవలసింది నన్ను కాదు, కానీ లెక్కలు అందరూ నన్నే అడుగుతారు. పదిహేడు రోజుల్లో ఎనిమిది రోజులని చెప్పాను. నాకు తెలుసు గనుక చెప్పాను. ఈయన నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు. సెక్రటరీ గారు వారం గడువు పెట్టారు. వచ్చే ఆదివారానికి తప్పు దొరక్కపోతే పెట్టె మూసేసి, ఉత్తరాలు మళ్లీ ఉచిత మెయిలుకు మార్చాలి. ఈసారి పాస్‌వర్డు జాబితాలో చేర్చాలి.

వారమంతా ఆయన పైన వైర్లు పీకి మళ్లీ పెట్టాడు. రౌటర్ మార్చమన్నాడు, కంపెనీ వాళ్లు మార్చారు. అది ఎప్పుడు ఆగిందో లోపల చూసుకునే పాస్‌వర్డు మాత్రం వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. సోమవారం ఒకటి, బుధవారం ఒకటి, రెండు కొత్త ఇంటూలు పడ్డాయి.

శుక్రవారం ఉదయం ఐదూ ఇరవైకి నేను మెట్ల కింద మీటరు బోర్డు దగ్గర ఉన్నాను. మా వీధికి కుళాయి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, ఐదూ పదికి. ఎప్పుడు వచ్చాయి, ఎప్పుడు ఆగాయి, సంపు ఎంత నిండింది, నేను పుస్తకంలో రాస్తాను. ఆ పుస్తకం నా చేతిలో ఉంది. తల ఎత్తితే ఎదురుగా గోడ మీద క్యాలెండర్. ఎర్ర ఇంటూలు ఒక గడి వదిలి ఒక గడిలో ఉన్నాయి. లెక్కల టీచర్లకు ఒక జబ్బు ఉంటుంది, గీతలు కనిపిస్తే వరుస వెతుకుతారు. రోజు మార్చి రోజు. కాకతాళీయం కావచ్చు. కానీ ఒకచోట వరుస తప్పింది. సోమవారం ఇంటూ తర్వాత బుధవారం ఖాళీ, గురువారం ఇంటూ. అక్కడి నుంచి మళ్లీ రోజు మార్చి రోజు.

నా పుస్తకం తెరిచాను. ఆ బుధవారం పైపు పగిలి నీళ్లు రాలేదు. గురువారం వచ్చాయి.

పది ఇంటూలు, పది నీళ్ల రోజులు. నేను మెట్టు మీద కూర్చున్నాను.

నీళ్లు వచ్చే వేళకు వీధంతా మోటార్లు వేస్తారు, వోల్టేజీ పడిపోతుంది. చలికాలంలో మా మోటారు ఎట్లాగో నీళ్లు తీసుకుంటుంది. ఆ వేసవి పైన కూలర్ రాత్రింబవళ్లు తిరుగుతుండడం వల్ల మోటారు మూలిగి ఆగిపోయేది. అందుకని నేను పై పోర్షన్ మెయిన్ స్విచ్చి దించి, మోటారు అందుకోగానే మళ్లీ ఎత్తేదాన్ని. రెండు నిమిషాలు. ఆయన ఐదు నుంచి ఆరు దాకా కాలువ గట్టు మీద నడకకు పోయి ఉంటాడు. రెండు నిమిషాల కరెంటు గురించి చెప్పడమెందుకని నేను చెప్పలేదు. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది, ఆగదు. కిటికీ పక్కన గోడకున్న రౌటర్‌కు లేదు.

ఎనిమిదింటి దాకా ఆగాను. ఆ ఉదయం కూడా స్విచ్చి దించాను గనుక, నా లెక్క నిజమైతే వేంపల్లె పరీక్ష మెయిలు రాకూడదు. రుజువు లేనిదే చెప్పకూడదని ఆగానని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను గనుక ఉన్నదే రాయాలి. చెప్పడానికి మనసొప్పక కూడా ఆగాను. ఎనిమిదింటికి మెయిలు రాలేదు. ఎనిమిదీ పదికి ఆయన ఎర్ర పెన్సిలు తీసుకుని దిగాడు.

"పెట్టొద్దప్పా. ఆ ఇంటూ నాది" అన్నాను.

పుస్తకం చేతికిచ్చాను. ఆయన మెట్టు మీద కూర్చుని ఒక వేలు నా పుస్తకం మీద, ఒక వేలు క్యాలెండర్ మీద పెట్టి పదీ సరిచూశాడు. బుధవారం దగ్గర ఆగి, తల ఎత్తి నన్ను చూశాడు. కోపం వస్తుందేమోనని నేను చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. మొదట చప్పుడు లేకుండా భుజాలు ఊగాయి. తర్వాత గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"ముప్పై ఏండ్లు ఊరి లైన్లన్నీ చూసినా టీచరమ్మా. మన మెట్ల కింద చూడలా."

తర్వాత చేసిన మొదటి పని ఇంకెవరూ చేయరు. ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేశాడు. పద్నాలుగు నిమిషాలు సంగీతం విని, చివరికి పలికిన అమ్మాయికి, తప్పు మా ఇంట్లోనే దొరికిందని, ఇన్ని రోజులు వాళ్లను అన్న మాటలు వెనక్కు తీసుకుంటున్నానని చెప్పాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. "వద్దమ్మా, పలికినావు, అదే శానా" అని పెట్టేశాడు.

ఆదివారం కమిటీలో ఏం చెప్పాలన్నదగ్గర మాకు మాట తేడా వచ్చింది. లైన్ ఫాల్ట్ అని చెప్తానన్నాడు. "అబద్ధమేం కాదు గదా."

"ఏ లైనుదప్పా ఫాల్ట్? నా చేయి లైనా?"

"మీ పేరు ఎందుకు తేవాల? సెక్రటరీ ఏడాది దాకా అంటానే ఉంటాడు."

"అననీ. ఎనిమిది రోజులని నేనే చెప్పినా. మిగిలింది కూడా నేనే చెప్పాల."

ఆ ఆదివారం నీళ్ల రోజే. ఆయన నడక మానుకుని పైన నిలబడ్డాడు. నీళ్లు రాగానే కూలర్ ఒక్కటే ఆపి, ఆపానని కేకేశాడు. నేను మెయిన్ ముట్టుకోకుండా మోటారు వేశాను. మూలిగింది, తీసుకుంది. ఎనిమిదింటికి వేంపల్లె నుంచి "పరీక్ష నలభై ఏడు. ఇంగ చాలప్పా" అని వచ్చింది.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు తీర్మానం ముందే రాసుకుని తెచ్చుకున్నారు, పెట్టె మూసేయాలని. ఈయన లేచి గొంతు సవరించుకుంటుండగా నేను లేచాను. పుస్తకం తెరిచి పదకొండు రోజులు చదివాను, నీళ్లు వచ్చిన వేళతో సహా.

సెక్రటరీ గారు కళ్లద్దాలు తీశారు. "పోయిన వారం ఎనిమిది అని చెప్పింది మీరే గదా టీచరమ్మా."

"అప్పటికి ఎనిమిది. ఇప్పటికి పదకొండు. పదకొండూ నేనే."

మొదట నవ్వింది పాస్టరు గారు. సెక్రటరీ గారు నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అయితే ఇది మళ్లీ జరగదని హామీ ఏమిటన్నారు. న్యాయమైన ప్రశ్నే. కమిటీ మినిట్స్ రాసేది నేనే గనుక అప్పటికప్పుడు రాశాను. పెట్టె ఉన్నచోటే ఉండాలి. నీళ్లు వచ్చే రోజు కింది ఆమె పై పోర్షన్ స్విచ్చి ముట్టరాదు. పైన ఉన్నాయన స్వయంగా నిలబడి తన కూలర్ తానే ఆపి, ఆపినట్లు కింది ఆమెకు చెప్పాలి. ప్రతిపాదించింది నేను. బలపరిచేవారెవరని పాస్టరు గారు అడిగారు. సెక్రటరీ గారే చెయ్యెత్తారు. "ఇంత లెక్కగా తప్పు చేసేవాళ్లు ఒప్పు కూడా చేస్తారు, రాసుకోండి" అన్నారు. ఈయన సంతకానికి జేబులో చెయ్యి పెట్టాడు. టెస్టర్ వచ్చింది.

సోమవారం ఆయన పొడుగు వైరు తెచ్చి రౌటర్‌ను కూడా యూపీఎస్‌కు కలిపాడు. ఇక నేను ఏ స్విచ్చి దించినా నష్టం లేదు, నడకకు పొమ్మన్నాను. పోలేదు. తీర్మానం తీర్మానమే అన్నాడు. ఐదూ పదికి మెట్ల మీదికి వచ్చి, "ఆపినా, వేసుకోండి" అనేవాడు. చలికాలంలో కూలర్ మూటగట్టి అటక మీద ఉన్నప్పుడు కూడా వచ్చి, "ల్యాకపోయినా ఆపినట్లే, వేసుకోండి" అనేవాడు. మోటారు తిరిగే ముప్పావుగంటా ఆయన పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద. నేను టీ పెట్టేదాన్ని. రాత్రి వచ్చిన ఉత్తరాలు ఆయన చెప్పేవాడు. ఏ రిజిస్టరులో ఏ పేజీ చూడాలో నేను అక్కడికక్కడే రాసుకునేదాన్ని. వేంపల్లె పోయినప్పుడు సరిగ్గా ఐదూ పదికి ఫోను చేసేవాడు. అవతల ఎవరో బస్సులో అరుస్తుంటారు, ఆ గోలలోనే ఆపినట్లు చెప్పి పెట్టేసేవాడు.

ఆయన పోయాక పెట్టె కిందికి, నా ముందు గదిలోకి వచ్చింది. కమిటీ తీర్మానం చేసింది. సెక్రటరీ గారే ప్రతిపాదించారు. చెడిపోతే ఎట్లా వెతకాలో ఆయన నాకు పాఠాలుగా చెప్పి రాయించిన పుస్తకం ఉంది, అరవై రెండు పేజీలు. ఉత్తరాలు వస్తున్నాయి, అదే రోజు జవాబు పోతోంది.

ఆ ఆదివారం నుంచి ఆయన ఉన్నంతకాలం మా వీధికి ఏడువందల పందొమ్మిది సార్లు నీళ్లు వచ్చాయి. ఏడువందల పందొమ్మిది సార్లూ ఆపానని ఆయన చెప్పాడు. మెట్ల మీద నుంచి ఆరువందల ఎనభై ఎనిమిది, ఫోనులో ముప్పై ఒకటి. చివరిదానికి ఆస్పత్రి మంచం మీద నుంచి చేశాడు. గొంతు సన్నగా ఉంది గానీ మాట స్పష్టంగానే ఉంది. నేను మోటారు వేసి, పుస్తకంలో వేళ రాశాను. ఆయన మరుసటి రోజు పోయాడు. అది నీళ్లు వచ్చే రోజు కాదు.